సంఘము అను మాట: దాని పూర్వార్థములు, నేటి బాధ్యత

పాఠ్యభాగము: 3 యోహాను 5–10, అపొస్తలుల కార్యములు 19:32–41, మత్తయి 18:15–20

దక్షిణ అండమానులోని ప్రోతరాపూర్‌లో ఇద్దరు తెలుగు క్రైస్తవులు క్రొత్తగా కలిసికొన్నప్పుడు పేరు, ఊరు అడిగిన తరువాత వచ్చు మూడవ ప్రశ్న ఒకటి కలదు: “మీ సంఘమేది?” దీనికి అనేకులు తామున్న చోటి సంఘమును చెప్పరు. ఎన్నో ఏండ్ల క్రిందట శ్రీకాకుళము జిల్లాలోనో విశాఖపట్టణములోనో తాము విడిచివచ్చిన సంఘము పేరు చెప్పుదురు. “మరి ఇక్కడ?” అని అడిగినయెడల, “ఇక్కడ మా సంఘము లేదండి” అందురు. అట్లు చెప్పువారిలో కొందరు ఏండ్ల తరబడి ప్రభువు బల్లకు దూరముగా నున్నారు. వారు విశ్వాసము విడిచినవారు కారు, ప్రార్థన మానినవారును కారు. సంఘము అను మాటకు వారు తెలిసికొనిన అర్థమే వారిని బయట నిలిపినది. కావున ఈ మాట చరిత్రను పరిశీలించుట పండితుల ముచ్చట మాత్రమే కాదు. ఆత్మల క్షేమము దీనితో ముడిపడి యున్నది.

1. మాట పుట్టుక

సంఘము సంస్కృతమునుండి మనకు వచ్చిన మాట. ‘సమ్’ అను ఉపసర్గయు ‘హన్’ అను ధాతువును కూడి ఇది ఏర్పడినది. సంహతి, సంఘాతము అను మాటలకును ఇదే మూలము. విడివిడిగా నున్నవి దగ్గరకు చేరి, ఒకదానినొకటి ఒత్తుకొని, గట్టిపడుట ఇందలి మూలభావము. కొందరు దీనిని సంగమముతో కలిపి చెప్పుదురు గాని అది వేరు. సంగమము ‘గమ్’ అను ధాతువునుండి పుట్టినది. దానికి కలిసి పోవుట అని అర్థము. రెండు నదులు సంగమించినప్పుడు ఏ నీరు ఏ నదిదో తెలియదు. సంఘములో అట్లు కాదు. రాళ్లు రాళ్లుగానే యుండి గోడ యగును. విశ్వాసులను సజీవమైన రాళ్లతో పోల్చిన పేతురు మాట (1 పేతురు 2:5) ఈ ధాత్వర్థమునకు ఎంత దగ్గరగా నున్నదో గమనింపుడు.

ప్రాచీన కాలమున ఈ మాట మతమునకు మాత్రమే చెందినది కాదు. పాణిని దీనిని గణము అను అర్థమున సాధించెను. రాజు లేక, పెద్దలు కూడి పాలించుకొను జనపదములను కూడ సంఘములనిరి. కౌటిల్యుని అర్థశాస్త్రములో పదునొకండవ అధికరణము పేరే సంఘవృత్తము. ఆ సంఘములయెడల రాజు నడువవలసిన విధమును అది చెప్పును.

అమరకోశము ఇంకొక విలువైన భేదమును చూపుచున్నది. గుంపులలోని తారతమ్యములను చెప్పుచోట అమరసింహుడు ప్రాణుల సమూహమునకు సంఘమనియు, సజాతీయుల సమూహమునకు కులమనియు వేరువేరు పేర్లు పెట్టెను. ఒకే జాతివారు కూడినది కులము. సంఘమునకు ఆ నియమము లేదు. ప్రాణము కలిగియుండుటయే చాలును. ఈ భేదమును మనస్సున ఉంచుకొనుడు, ముందు దీనితో పనియున్నది.

2. మన కొండలమీది సంఘము

తెలుగు నేలమీద ఈ మాట మొదట మారుమ్రోగినది బౌద్ధుల నోట. బుద్ధుడు, ధర్మము, సంఘము అను మూడింటిని వారు రత్నత్రయమనిరి. అమరావతి, భట్టిప్రోలు, నాగార్జునకొండ, వంశధార ఒడ్డున శాలిహుండము, విశాఖ తీరమున తొట్లకొండ, బావికొండ అను చోట్ల భిక్షువుల ఆరామములు వెలసెను. అనకాపల్లి చెంతనున్న శంకరము అను గ్రామము పేరు సంఘారామము అను మాటనుండి వచ్చినదని చెప్పుదురు. ప్రోతరాపూర్‌లోని తెలుగువారిలో అనేకుల పూర్వికులు ఆ ప్రాంతములవారే. క్రైస్తవ సువార్త చేరుటకు పదునైదు వందల యేండ్లకు పైగా ముందే వారి ఊళ్లకు సంఘము అను మాట చేరియుండెనన్న మాట.

ఆ సంఘము ఇంటిని విడిచిన భిక్షువుల, భిక్షుణుల సమాజము. గృహస్థులు దానికి దానములిచ్చిరి, దానిని పోషించిరి. గాని సంఘమనగా ముఖ్యముగా సన్న్యసించినవారే. నాగార్జునకొండలో బోధిసిరి అను ఉపాసిక ఇక్ష్వాకు రాజుల కాలమున, అనగా సుమారు క్రీ.శ. 3వ శతాబ్దమున వేయించిన శాసనము ప్రసిద్ధమైనది. అందులో ఆమె సింహళమునకు చెందిన ఆచార్యులను స్మరించి, కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, ద్రవిడ దేశము మొదలగు దూరదేశముల పేర్లను వరుసగా చెప్పినది. సంఘము సముద్రమును దాటునది, అనేక భాషలవారిని చేర్చుకొనునది అను భావము కృష్ణాతీరమున ఆనాడే కలదు.

జైనులు ఈ మాటను ఇంకను విశాలము చేసిరి. వారి చతుర్విధ సంఘములో సాధువులు, సాధ్వులు, శ్రావకులు, శ్రావికలు అను నాలుగు తెగలు కలవు. సంసారులైన స్త్రీపురుషులును అందులో సభ్యులే.

ఈ వారసత్వమునుండి మనకు ఒక మేలును ఒక అపాయమును వచ్చినవి. సంఘమనగా మనుష్యులే గాని కట్టడము కాదను భావము మేలు. సంఘమనగా అంకితులైన కొందరే, మిగిలినవారు కానుకలిచ్చి దూరముగా నుండువారే అను భావము అపాయము. “సంఘము ఇట్లు నిర్ణయించినది” అని మనము చెప్పునప్పుడు నిజముగా నిర్ణయించినవారెందరు? సంఘకాపరియు అయిదారుగురు పెద్దలును కూడి చేసిన తీర్మానమును సంఘము తీర్మానమనుట మనకు అలవాటు. మత్తయి 18వ అధ్యాయములో యేసు సహోదరుని తప్పిదము విషయమై చూపిన క్రమమును జాగ్రత్తగా చదువుడు. ఒంటరిగా మాటలాడుట, ఇద్దరు ముగ్గురితో మాటలాడుట అయిన తరువాత కడపట సంఘమునకు తెలుపవలెను. ఆ వెంటనే వచ్చు వాగ్దానము ఆయన నామమున కూడిన ఇద్దరు ముగ్గురికి ఇయ్యబడినది. అధికారులకని వేరుగా చెప్పబడలేదు.

3. గ్రీకు మాట ఒకటి, తెలుగు మాటలు మూడు

క్రొత్త నిబంధనలో సంఘమునకు మూలమైన గ్రీకు మాట ఎక్లేసియ. పిలుచుట అను క్రియనుండి ఇది పుట్టినది. గ్రీకు పట్టణములలో చాటింపువాని పిలుపు విని పౌరులు కూడుకొను సభకు ఆ పేరుండెను. మన సంఘమువలెనే అదియు మొదట రాజకీయపు మాట. తరువాత హెబ్రీ లేఖనములను గ్రీకులోనికి మార్చినవారు ఇశ్రాయేలు ప్రజల కూటమికి ఈ మాటను వాడిరి. ఆ దారినే అది అపొస్తలుల చేతికి వచ్చినది.

మన తెలుగు బైబిలు ఈ ఒక్క మాటను మూడు విధములుగా పలుకుచున్నది. ఎఫెసు నాటకశాలలో అల్లరిగా కూడిన జనమును (అపొ. కా. 19:32) సభ యన్నది. కీర్తనలనుండి హెబ్రీ పత్రికకు వచ్చిన చోట (హెబ్రీ. 2:12) సమాజము అన్నది. విశ్వాసుల కూటమిని సంఘము అన్నది. స్తెఫను తన ప్రసంగములో అరణ్యమందలి ఇశ్రాయేలీయులను గూర్చి చెప్పినచోట కూడ (అపొ. కా. 7:38) సంఘము అనియే యున్నది. అనువాదకులు ప్రతి సందర్భమునకు తగిన మాటను ఎన్నుకొనిరి. అందుకు వారిని తప్పుపట్టలేము. అయితే తెలుగు చదువరికి ఒక సంగతి మరుగైనది. ఎఫెసులో ఎందుకు కూడితిమో తెలియక కేకలు వేసిన గుంపునకును, అదే పట్టణమున పౌలు కన్నీటితో కాచిన విశ్వాసులకును గ్రీకులో పేరు ఒక్కటే.

దీనినుండి ఏమి నేర్చుకొందుము? మాటలో పరిశుద్ధత లేదు. పిలిచినవాడెవడు, ఎందుకొరకు పిలిచెను అను దానినిబట్టియే కూటమి పరిశుద్ధమగును. ఎఫెసు సభను పిలిచినది దేమేత్రియు అను కంసాలి కోపమును, తన వృత్తికి నష్టము కలుగునను భయమును. సంఘమును పిలిచినవాడు క్రీస్తు.

4. స్కాట్లండువారి కిర్క్

ఇతర భాషలలో ఈ మాటకు కలిగిన అనుభవమును కొంచెము చూచుట మనకు సహాయకరము. మద్రాసు ఎగ్మూరులో 1821లో తెరువబడిన సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌ను మన పాఠకులలో కొందరు చూచియుందురు. కిర్క్ అనునది స్కాట్లండువారి మాట. ఇంగ్లీషువారి చర్చి అను మాటకు ఇది తోబుట్టువు. ఈ రెండును ఎక్లేసియనుండి వచ్చినవి కావు. కురియకోన్ అను వేరొక గ్రీకు మాటనుండి వచ్చినవి. ప్రభువునకు చెందినది అని దాని అర్థము. క్రొత్త నిబంధనలో ఆ విశేషణము రెండు చోట్ల మాత్రమే కలదు: ప్రభువు రాత్రి భోజనమును గూర్చి (1 కొరింథీ. 11:20), ప్రభువు దినమును గూర్చి (ప్రకటన 1:10).

ప్రాచీన స్కాట్సు భాషలో కిర్క్ అనగా మొదట ఆరాధన జరుగు కట్టడము. తరువాత గురువులతోకూడిన మతవ్యవస్థ. ఆపైన విశ్వాసుల సముదాయము. ప్రసవించిన స్త్రీగాని క్రొత్తగా వివాహమైన దంపతులుగాని మొదటిసారి ఆరాధనకు వచ్చుటను కిర్కింగ్ అనిరి. మతసంస్కరణ దినములలో ఈ మాటకు పరీక్ష వచ్చినది. 1557లో సంస్కరణ పక్షమున నిబంధన చేసికొనిన ప్రభువులు తమను క్రీస్తు సమాజము అను అర్థమిచ్చు వేరు మాటతో పిలుచుకొనిరి. పాత మాట కట్టడముతోను పాత అధికారముతోను పెనవేసికొని పోయినదని వారికి తోచియుండును. గాని 1560 తరువాత సంస్కరింపబడిన సంఘము కిర్క్ అను పాత పేరునే నిలుపుకొని, దానికి క్రొత్త బలము నిచ్చినది. కాపరియు ఎన్నుకొనబడిన పెద్దలును కూర్చుండు స్థానిక సభకు కిర్క్ సెషన్ అని పేరు వచ్చినది.

ఇంగ్లండులోను ఇట్టి వాదమే జరిగెను. టిండేల్ 1526 నాటి తన క్రొత్త నిబంధనలో చర్చి అను మాటను విడిచి, కూడిన జనము అను అర్థమిచ్చు మాటను వాడగా థామస్ మోర్ దానిని తీవ్రముగా ఖండించెను. 1611 నాటి అనువాదమునకు జేమ్స్ రాజు పక్షమున ఇయ్యబడిన నియమములలో చర్చి అను పాత మాటనే ఉంచవలెనని ఒకటి కలదు. ఒక్క మాటకొరకు ఇంత పోరాటమెందుకు? మాటను ఎవరు నిర్వచించుదురో వారే వాకిలి తాళపుచెవి పట్టుకొందురు గనుక.

తెలుగులో మనకు ఈ రెండు తలంపులకు రెండు మాటలు దొరికినవి. మనుష్యులు సంఘము; కట్టడము మందిరము, గుడి, చర్చి. ఇది మన భాషకు దేవుడిచ్చిన మేలు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు కార్ నికోబారు తీరగ్రామములలో మందిరములు పడిపోయినవి. బ్రదికి మిట్టకు చేరినవారు కూడి ప్రార్థించిరి. మందిరము పోయినను సంఘము మిగిలెనని మన భాషలో ఒక్క వాక్యమున చెప్పగలము. కిర్క్ అను ఒక్క మాటతో ఈ మాట చెప్పుట అంత సులభము కాదు.

5. ఊరి వాడుకలో సంఘము

19వ శతాబ్దములో ఈ మాటకు ఇంకొక అర్థము బలపడినది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి కాలమునుండి సంఘసంస్కరణము అను మాట ఇంటింటికి తెలిసినది. అక్కడ సంఘమనగా మనుష్యులందరు కలిసి బ్రదుకు వ్యవస్థ. తరువాత సహకార సంఘములు, కార్మిక సంఘములు వచ్చినవి. 1940ల నాటి తెలంగాణ పల్లెలలో ఆంధ్ర మహాసభను ప్రజలు సంఘమనియే పిలిచిరి. వెట్టిచాకిరి క్రింద నలిగినవారికి ఆ మాట ధైర్యమిచ్చినది. 1980ల తరువాత పల్లెటూరి స్త్రీలు పొదుపుకొరకు కూడినప్పుడు దానికిని సంఘమనియే పేరు. బలహీనులు ఒకరినొకరు ఒత్తుకొని గట్టిపడుట అను మూలభావము వీటన్నిటిలో సజీవముగా నున్నది. 1947 సెప్టెంబరు 27న పలు సంఘములు ఏకమైనప్పుడు మన తెలుగువారు ఆ ఐక్యతకు దక్షిణ ఇండియా సంఘము అని పేరు పెట్టుకొనుటయు తగియున్నది.

అయితే కులసంఘమను మాటయు మన వాడుకలోనికి వచ్చినది. అమరసింహుడు వేరుచేసిన రెండు మాటలను మనము ఒకటిగా అతికించితిమి. అది వీధిలోనే నిలిచిపోలేదు, మందిరములోనికి కూడ వచ్చినది. ఒకే ఊరిలో మాలపల్లెకు ఒక మందిరము, మాదిగపల్లెకు ఒక మందిరము ఉండుట మనకు తెలియనిది కాదు. పిల్లల పెండ్లి మాట వచ్చినప్పుడు మన సంఘమువారేనా అని అడిగి, మనస్సులో మన కులమువారేనా అని అర్థము చేసికొనుటయు తెలియనిది కాదు. సజాతీయులు మాత్రమే కూడినది కులము. ఆ గుంపు ఎన్ని కీర్తనలు పాడినను, దానిని సంఘమనుటకు నిఘంటువే ఒప్పుకొనదు. ఇక సువార్త ఎట్లు ఒప్పుకొనును? అంతియొకయ సంఘపు ప్రవక్తలు, బోధకుల పట్టికను చూడుడు (అపొ. కా. 13:1). కుప్రకు చెందిన లేవీయుడు, నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, హేరోదుతోకూడ పెంచబడిన మనయేను, ఒకప్పుడు సంఘమును హింసించిన సౌలు. వీరిని ఏ కులసంఘము ఒక్క చాపమీద కూర్చుండబెట్టగలదు?

6. ప్రోతరాపూర్‌లో వినబడు మాటలు

2011 జనాభా లెక్కల ప్రకారము అండమాన్ నికోబార్ దీవుల జనసంఖ్య 3,80,581. వారిలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళము, మలయాళము, నికోబారీ మాటలాడువారు మన ఇరుగుపొరుగువారు. పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురము అని పేరు మారినది. ఆ పట్టణమునకు చేరువనున్న ప్రోతరాపూర్‌లో ఈ భాషలలో అనేకము ప్రతి దినము వినబడును.

క్రైస్తవుల కూటమికి ఈ భాషలు పెట్టిన పేర్లను ఒకచోట చేర్చి చూడుడు. తమిళులు, మలయాళీలు సభ అందురు. బెంగాలీలు మండలి అందురు. హిందీలో కలీసియా అను మాట కలదు. అది ఎక్లేసియ అను గ్రీకు మాటయే, పశ్చిమాసియా భాషల మీదుగా ప్రయాణము చేసి వచ్చినది. మనము సంఘమందుము. సభ అనగా కూర్చుండి ఆలకించుటయు ఆలోచించుటయు స్ఫురించును. మండలి అనగా నడుమ ఒకనిని ఉంచుకొని చుట్టును చేరిన వలయము స్ఫురించును. కలీసియాలో పిలుపు కలదు. సంఘములో ఒకరినొకరు అంటి గట్టిపడుట కలదు. ఈ నాలుగును కలిసినప్పుడే అపొస్తలులు చెప్పిన దాని నిండుదనము కొంత తెలియును. పిలువబడి, క్రీస్తును నడుమ నుంచుకొని, ఆయన మాట ఆలకించుచు, ఒకరికొకరు ఆనుకొని నిలిచినవారు వారు. పొరుగు భాషవాని మందిరములో మన సంఘము లేదనుకొనువాడు ఈ మూడు వంతుల అర్థమును పోగొట్టుకొనుచున్నాడు.

ఈ దీవుల చరిత్రలో ఇంకొక సంగతి కలదు. 1858లో ఇక్కడ ఖైదీల వలస స్థాపింపబడినది. సముద్రము దాటినవాడు కులము పోగొట్టుకొనునను భయముచేత దేశస్థులు దీనిని కాలాపానీ అనిరి. శిక్ష ననుభవించి ఇక్కడనే నిలిచిపోయినవారు కులమును లెక్కింపక పెండ్లిండ్లు చేసికొనిరి. వారి సంతతివారిలో ఆ గోడలు చాలవరకు కూలినవి. సువార్తకొరకు కాక శిక్షకొరకు దాటిన సముద్రమే అంతపని చేసినప్పుడు, బాప్తిస్మపు నీళ్లు దాటిన మనము ఓడలో కులమును మూటగట్టి తెచ్చుకొనుట న్యాయమా?

7. గాయు, దియొత్రెఫే

యోహాను వ్రాసిన మూడవ పత్రిక మిక్కిలి చిన్నది. అందులో సంఘము అను మాట మూడుసార్లు వచ్చును (6, 9, 10 వచనములు). ఈ మూడును కలిపి చదివినయెడల మన పాఠమంతయు అక్కడనే కలదు.

మొదటిచోట (6వ వ.) ప్రయాణము చేయు సహోదరులు కలరు. వారు గాయునకు పరదేశులు, ముఖపరిచయము లేనివారు. అతడు వారిని చేర్చుకొనెను. వారు తిరిగి వెళ్లి సంఘము ఎదుట అతని ప్రేమను గూర్చి సాక్ష్యమిచ్చిరి. ఇక్కడ సాక్ష్యమిచ్చుచున్నది పరదేశి. ప్రోతరాపూర్‌లో కొంతకాలము పనిచేసి స్వగ్రామమునకు మరలిన కూలివాడు తన సంఘము ఎదుట మనలను గూర్చి ఏమి చెప్పును?

రెండవచోట (9వ వ.) పెద్ద సంఘమునకు ఉత్తరము వ్రాసెను, గాని ప్రథముడుగా నుండగోరిన దియొత్రెఫే దానిని అంగీకరింపలేదు. సంఘమునకు వచ్చిన ఉత్తరము ఒక్క మనుష్యునియొద్ద ఆగిపోయినది.

మూడవచోట (10వ వ.) అతడు సహోదరులను తాను చేర్చుకొనక, చేర్చుకొనగోరినవారిని ఆటంకపరచి సంఘమునుండి వెలివేయుచుండెను. మన తెలుగు బైబిలు ఇక్కడ వెలి అను మాటనే వాడినది. అది కులకట్టుబాట్లనుండి వచ్చిన మాట. అనువాదకులు దియొత్రెఫే పనికి సరియైన పేరే పెట్టిరి. వెలివేయబడినవారు దుర్బోధకులు కారు, దుర్మార్గులు కారు. వారి నేరమంతయు క్రొత్తవానికి తలుపు తెరచుటయే. సంఘమును కంచెగా చేసినవాడు మొదట బయటివానిని ఆపును. తరువాత లోపలివానిని బయటికి త్రోయును.

సంఘక్రమము అక్కరలేదని దీని భావము కాదు. ఫీబేకొరకు పౌలు పరిచయపు మాట వ్రాసెను (రోమా. 16:1). క్రొత్త ఊరికి పోవు విశ్వాసికి స్వస్థలపు కాపరి ఒక ఉత్తరము వ్రాసి ఇచ్చుట మంచి ఆచారము. దానిని మరల బలపరచవలెను. గాని ఉత్తరము తలుపు తెరచుటకే గాని మూయుటకు కాదు. ఉత్తరము తేనివాని యొద్దకు మనమే వెళ్లి, విచారించి, వాని సంఘకాపరికి మనమే వ్రాయవచ్చును.

ఇటువైపునుండి వచ్చినవానికిని ఒక మాట. “ఇక్కడ మా సంఘము లేదు” అని చెప్పువాడు తాను విడిచివచ్చిన సంఘముమీది ప్రేమచేతనే ఆ మాట చెప్పుచున్నాడు. ఆ ప్రేమ మెచ్చదగినది. అయితే ఆ సంఘము ఎవరిది? క్రీస్తు దానిని నా సంఘము అని పిలిచెను (మత్తయి 16:18). ఆయన నాది అన్నదానిని మాది అని మనము విభాగించుకొనలేము. ఆయన సంఘము ఉన్న ప్రతిచోట వానికి కూర్చుండుటకు చోటు కలదు, బల్లయొద్ద వాని వంతు కలదు.

పునర్విమర్శకు ప్రశ్నలు

1. మీ ఊరిలో సంఘము అను మాటను క్రైస్తవులు కానివారు ఏయే అర్థములతో వాడుచున్నారు? అందులో ఏది సువార్తకు దగ్గరగా నున్నది?

2. మీ సంఘములో నిర్ణయములు చేయునప్పుడు స్త్రీలు, కూలివారు, క్రొత్తగా వచ్చినవారు ఎంతవరకు లెక్కింపబడుచున్నారు?

3. మీ పేటలో ఉత్తరము లేకపోవుటచేతనో భాష వేరగుటచేతనో ప్రభువు బల్లకు దూరముగా నున్నవారెవరు? ఈ నెలలో వారి యింటికి ఎవరు వెళ్లుదురు?

4. 3 యోహాను పత్రికలోని గాయు, దియొత్రెఫేలలో మీ సంఘమునకు వచ్చిన పరదేశికి ఎవరు ఎదురుపడుదురు?

ప్రార్థన

మమ్మును పేరుపెట్టి పిలిచిన ప్రభువా, నీవు నీ రక్తమిచ్చి సంపాదించిన సంఘమును మేము మా కులముతోను, మా భాషతోను, మా కట్టడముతోను కొలిచినందుకు మమ్మును క్షమించుము. సముద్రము దాటి వచ్చినవానికి మా నడుమ చోటు చూపుము. వాకిట నిలిచినవానిని లోపలికి పిలుచుటకు మాకు ధైర్యమిమ్ము. విడివిడి రాళ్లమైన మమ్మును నీ మందిరముగా కూర్చుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.